ఎడారిలో ఆయిల్ బండి: 'డెజర్ట్ కమాండర్' ఆడి చూశాక

కెమ్కో అనే జపాన్ సంస్థ 1988లో స్వదేశంలోనూ, 1989లో అమెరికాలోనూ విడుదల చేసిన 'డెజర్ట్ కమాండర్' నింటెండో వారి 8 బిట్ల వీడియో గేమ్ యంత్రం మీద ఆడే యుద్ధవ్యూహపు ఆట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్, మిత్రపక్ష సేనల మధ్య సాగిన ట్యాంకుల పోరాటం దీని ఇతివృత్తం. జపాన్‌లో పెట్టిన పేరులో 'ఎడారి నక్క' అన్న మాట ఉంది. అది 1941 ఫిబ్రవరిలో ట్రిపోలీలో దిగిన జర్మన్ సేనాని రోమెల్‌కు దక్కిన బిరుదు. అయితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు లెక్కలు రాసుకునే నాకు, ఇది పేరుకే ట్యాంకుల ఆట అనీ, లోపల ఉన్నదంతా లారీల వ్యవహారమేననీ రెండో రోజుకే తెలిసిపోయింది.

ముందు యంత్రం సంగతి చెప్పాలి. మన ఊళ్లలో ఒకప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలు ఆడుకున్న చౌకరకం వీడియో గేములు చాలావరకు జపాన్ నమూనాకు నకళ్లు. వాటి క్యాసెట్లకు 60 పిన్నులుంటే, అమెరికా క్యాసెట్లకు 72 ఉంటాయి. అందుచేత మా మేనల్లుడు అక్కడి నుంచి తెచ్చిన క్యాసెట్ అటక మీది పాత డబ్బాలో పట్టక, అతను మరోసారి వచ్చినప్పుడు యంత్రాన్ని కూడా మోసుకురావలసి వచ్చింది. అది 120 వోల్టుల కరెంటుకు తయారైనది. గవర్నర్‌పేటలో ఒక దుకాణదారు "ఏం కాదు సార్, పెట్టేయండి" అని ధైర్యం చెప్పాడు గాని, ఆ ధైర్యాన్ని ఆయనకే వదిలేసి, పక్క సందులో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తెచ్చుకున్నాను. అప్పటికీ తెర మీద బొమ్మ రాలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి క్యాసెట్ పిన్నులు తుడిస్తే దూది కాటుకలా నల్లబడింది. ఆ తరువాతే ఎడారి కనిపించింది.

ఆటలో ఐదు యుద్ధాలున్నాయి. ప్రతి యుద్ధానికీ ముందు, ఉన్న పరిమితిలో ఏ రకం దళాలు ఎన్ని కావాలో మనమే సర్దుకోవచ్చు. ట్యాంకులు, పదాతిదళం, ఫిరంగులు, విమాన విధ్వంసక తుపాకులు, యుద్ధవిమానాలు, బాంబర్లు, సరఫరా లారీలు ఇలా ఎంపికకు లోటు లేదు. ఇరుపక్షాలూ వంతులవారీగా దళాలను కదుపుతాయి. ఎదుటివాడి హెడ్‌క్వార్టర్స్‌ను ధ్వంసం చేసినవాడిదే గెలుపు. ఈ నియమాలు వినడానికి చదరంగంలా ఉంటాయి, కానీ చదరంగంలో ఏనుగుకు ఆకలి వేయదు. ఇక్కడ ప్రతి దళానికీ ఇంధనం, మందుగుండు లెక్క ప్రకారమే ఉంటాయి. మొదటి ఆటలో ఉత్సాహం కొద్దీ ట్యాంకులన్నిటినీ ముందుకు తోలి, లారీలను ఎక్కడో వెనక వదిలేశాను. శత్రువు కనుచూపు మేరలో ఉండగానే ఇంధనం సున్నాకు దిగింది. పక్కన కూర్చున్న మా బావగారు, రెండు లారీల యజమాని, తెర వంక చూసి, "ముందు ఆయిల్ బండి ఎక్కడుందో చూసుకోవోయ్, తర్వాత యుద్ధం చేద్దువుగాని" అన్నారు.

చరిత్రలోనూ జరిగింది ఇదే. రోమెల్ సైన్యానికి ఇంధనం ఇటలీ నుంచి సముద్రం దాటి రావాలి. అలా వచ్చే ఓడల్లో కొన్ని దారిలోనే మునిగేవి. ట్రిపోలీ రేవు నుంచి ఈజిప్టులోని ఎల్ అలమీన్ వరకు రోడ్డు 2,000 కిలోమీటర్లకు పైమాటే కనుక, పెట్రోలు మోసే లారీలే ఆ పెట్రోలులో పెద్ద వాటా తాగేసేవి. తమ రేవైన అలెగ్జాండ్రియాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నిలిచిన బ్రిటిష్ సేనకు ఆ బాధ లేదు. 1942 అక్టోబరు 23న ఎల్ అలమీన్‌లో మొదలైన యుద్ధంలో జర్మన్లు వెనక్కి తగ్గడానికి బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ సేన బలం ఎంత కారణమో, ఖాళీ ట్యాంకులూ అంతే కారణం. ఈ ఇబ్బందిని పుస్తకాల్లో చదవడం వేరు, తెర మీద కదలని సొంత ట్యాంకును చూస్తూ అనుభవించడం వేరు. ఆ ఎడారిలో పోరాడి, 1943 మే నెలలో ట్యునీషియా విజయం దాకా నిలిచిన నాలుగవ భారత డివిజన్ ఈ ఆటలో విడిగా కనిపించకపోవడం మాత్రం నాకు వెలితిగా తోచింది.

లోపాలు లేకపోలేదు. రెండు దళాలు తలపడిన ప్రతిసారీ తెర మారి కాల్పుల దృశ్యం వస్తుంది; పదిసార్లు ముచ్చటగా ఉండి, ఆ తరువాత విసుగు పుట్టిస్తుంది. కంప్యూటర్ తన వంతు ముగించేలోగా లోపలికెళ్లి టీ పెట్టుకుని రావచ్చు. రంగులు ఇసుకకు తగినట్టే వెలవెలబోతూ ఉంటాయి. కంప్యూటర్ ఎత్తులు కొన్నాళ్లకు కంఠస్థం అవుతాయి కనుక, ఈ ఆటను ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఆడినప్పుడే దాని విలువ బయటపడుతుంది. రెండో కంట్రోలర్ లేకుండా దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను.

పోయిన ఆదివారం మా బావగారు జర్మన్ల పక్షం తీసుకున్నారు. నేను మూడు వంతులు వెచ్చించి నిలబెట్టిన ట్యాంకుల వరుస జోలికే రాకుండా, బాంబరును చుట్టూ తిప్పి తెచ్చి, వెనక వస్తున్న నా ఆయిల్ బండిని కొట్టారు. ఆపైన ఆయనకు తొందర లేదు. నా ట్యాంకులు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే, కంట్రోలర్ కింద పెట్టి, "బండి రాదు, డ్రైవరు భోజనానికెళ్లాడని రాసుకో" అన్నారు.