పాకెట్ క్లిప్పు మీద నా కోపం, తోలు ఒర మీద నా ఇష్టం

మడతచాకును జేబు అంచుకు తగిలించే పాకెట్ క్లిప్పు మీద నాకు కోపం ఉంది. ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నాను, అడిగినవాళ్లందరికీ అదే మేలని చెప్పాను కూడా. అందుకే ఆ కోపం కాస్త ఎక్కువే. చాకు కొనేటప్పుడు ఉక్కు ఏ రకం, లాక్ ఏ రకం, పిడి దేనితో చేశారు అని గంటలకొద్దీ వెతుకుతాం. పొద్దున్నుంచి రాత్రిదాకా అది ఒంటిమీద ఎక్కడుంటుందన్నది మాత్రం ఆలోచించం. చాకుతో కోసేది రోజుకు ఏ రెండు నిమిషాలో, మిగతా పొద్దంతా మోయడమే కదా.

క్లిప్పు మంచితనం నేను కాదనను. 1981లో అమెరికా కంపెనీ స్పైడెర్కో తన ‘వర్కర్’ చాకుకు క్లిప్పు బిగించి అమ్మాక, మిగతా కంపెనీలు చాలావరకు ఆ దారి పట్టాయంటే ఊరికే కాదు. చాకు జేబు పైఅంచునే ఉంటుంది. ఒక చేత్తో తీసి, అదే చేత్తో తెరవొచ్చు. జేబు అడుగున తాళాలతో కలిసి దొర్లదు. ఈ సుఖం అలవాటైతే వదలడం కష్టమే.

దాని నష్టం మెల్లగా బయటపడుతుంది. గాజుపీచును రెసిన్‌తో గట్టిపరిచి చేసే జీ-10 పిడి చేతికి పట్టు దొరకాలని గరుకుగా ఉంటుంది. ఆ గరుకుకూ క్లిప్పుకూ మధ్య ప్యాంటు గుడ్డ రోజూ నలుగుతుంది. నా ప్యాంట్లన్నిటికీ కుడి జేబు అంచు ఒకే చోట దారాలు లేచింది. క్లిప్పు కింద పిడిని సన్నటి ఎమరీ పేపరుతో కాస్త నునుపు చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది, అది చేసి చూశాను. కానీ ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు కారు తలుపు మీద పడే గీతలకు ఆ వైద్యం పనికిరాదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది.

చేతులున్న కుర్చీలో కూర్చోబోతుంటే ఏదో పట్టినట్టు టక్కుమంది. క్లిప్పు కింది కొస, గుడ్డ సులువుగా దూరడానికి కొంచెం బయటికి వంచి ఉంటుంది చూడండి, అది కుర్చీ చేతి అంచుకు తగులుకుంది. నా ఒంటి బరువంతా దానిమీద పడింది. లేచి తడుముకుంటే చాకు ఉన్నచోటే ఉంది. క్లిప్పు వదులైందని పైకి ఏమీ తెలియలేదు. సాయంత్రం దాకా లేస్తూ కూర్చుంటూ ఉంటే చాకు కొంచెం కొంచెంగా జేబులోకి జారి, అడుగున అడ్డంగా తిరిగింది. తాళాల కోసం చెయ్యి పెట్టాను. చూపుడు వేలి గోరుకు చల్లగా, సన్నగా ఏదో తగిలింది. చెయ్యి అక్కడే ఆపి, జేబును బయటినుంచి రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా వేళ్లు వెనక్కి తీశాను. బ్లేడు మొన పిడిలోంచి బియ్యపు గింజంత బయటికి వచ్చి ఉంది. గోరు మీద తెల్లగా ఒక గీత. అర అంగుళం అటు అయితే గోరు కాదు, వేలే.

తరవాత చాకును విప్పి చూశాను. నాది లైనర్ లాక్, అంటే పిడి లోపలుండే లైనర్ అనే సన్నటి లోహపు పట్టీ బ్లేడు మొదలుకు అడ్డం పడే రకం. ఆ లాక్ తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపుతుంది, అంతే. మూసిన బ్లేడు తెరుచుకోకుండా ఆపడం దాని పని కాదు. మూసినప్పుడు బ్లేడును పట్టి ఉంచేది లైనర్‌లో పొదిగిన ఆవగింజంత గుండు ఒక్కటే. బ్లేడు మీద ఉన్న చిన్న గుంటలో అది కూర్చుంటుంది. నా చాకులో ఆ గుంట నిండా జేబు నూగు, ఇరుసు దగ్గర నల్లటి జిడ్డు. గుండు సగమే దిగుతోంది. మొన పైకి ఉండేలా మోసే క్లిప్పు చాకుకు అసలు రక్ష జేబు వెనక కుట్టు. మడిచిన బ్లేడు వెన్ను ఆ కుట్టుకు ఆనుకుని ఉన్నంతసేపూ బ్లేడుకు తెరుచుకునే చోటే ఉండదు. క్లిప్పు పట్టు తప్పి, చాకు కుట్టును వదిలి జేబు మధ్యకు వచ్చిందంటే ఆ రక్ష పోయినట్టే. అంటే మనం ప్రమాదం లేదనుకుంటున్నదంతా వంగిపోగల ఒక రేకు మీద ఆధారపడి ఉంది. నా కోపం ఇదే.

అప్పుడు క్లిప్పు ఊడదీసి, జేబులో పట్టే తోలు ఒరకు మారాను. బెల్టుకు తగిలించే నిలువు ఒర ముందే వాడి వదిలేశాను. కూర్చుంటే పక్కటెముక కింద పొడుస్తుంది, పైగా చూసినవాళ్ల చూపు ముందు దాని మీదికే పోతుంది. బెల్టుకు అడ్డంగా ఉండే ఒర కొంత నయం. జేబు ఒర వేరే సంగతి. చాకు కన్నా వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి జేబులో నిలువుగా నిలబడుతుంది, తిరగదు. చాకు లోపల ఇరుకుగా ఉంటుంది కాబట్టి బ్లేడు కదలడానికి సందు లేదు. నూగు కూడా తక్కువే చేరుతుంది. ఫోన్ అద్దం మీద గీతలు పడడం ఆగింది.

అనుకోని లాభం మాత్రం చేతికి కలిగింది. గట్టి అట్టపెట్టెలు కోసేటప్పుడు అరచేతిలో ఒకచోట నొప్పి పుట్టేది. ఆ చాకు పిడే అంత అనుకునేవాణ్ని. అది క్లిప్పు గుచ్చుకోవడం వల్ల. క్లిప్పు తీసేశాక పిడి అరచేతిలో నిండుగా కూర్చుంది. ఎంతసేపు కోసినా వేళ్లు పట్టు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. కంపెనీ పిడిని ఎంత శ్రద్ధగా మలిచిందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పనితనం మీద ఒక ఇనుప రేకు కప్పి వాడుతున్నామని బాధ కలిగింది.

ఒరలోనూ లోపాలున్నాయి, కొన్ని వాడగా వాడగా తెలిశాయి. తోలు తడిని పట్టి ఉంచుతుంది. వానలో తడిసినా, చెమట పట్టినా కార్బన్ స్టీలు బ్లేడుకు మచ్చలు వస్తాయి. స్టెయిన్‌లెస్ అయినా నెలల తరబడి ఒరలోనే పెట్టి మరిచిపోకూడదు. నేను రాత్రి చాకును బయటికి తీసి విడిగా పెడతాను, ఇరుసులో అప్పుడప్పుడు ఒక నూనె బొట్టు వేస్తాను. కొత్తలో ఒర మరీ బిగుతుగా ఉండి చాకుతోపాటు జేబులోంచి వచ్చేసేది. ఇప్పుడు అంచు దగ్గర కాస్త వదులైంది. ఇంకా వదులైతే చాకు జారి, మళ్లీ మొదటి కథే. అందుకే నెలకొకసారి తలకిందులు చేసి ఊపి చూస్తాను, చాకు జారితే ఆ ఒరను మార్చాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. క్లిప్పు కనిపిస్తూ చాకు ఉందని గుర్తుచేస్తుంది, ఒరలోది గుర్తురాదు. విమానం ఎక్కే రోజు ఇది పెద్ద సంగతే, ఎందుకంటే చేతి సంచిలో చాకును రానివ్వరు.

పైగా ఒరలోంచి చాకు తీయడం రెండు చేతుల పని. నిచ్చెన మీద ఒక చెయ్యి పట్టుకుని ఉండేవాళ్లకు, చేతి తొడుగులతో పనిచేసేవాళ్లకు, తాళ్లతో పనిచేసేవాళ్లకు ఒర తీసుకోమని నేను చెప్పను. వాళ్లకు క్లిప్పే. కాకపోతే స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, థ్రెడ్ లాకర్, ఒక చుక్క వేయాలి, క్లిప్పు వంగిన రోజే సరిచేయాలి లేదా మార్చేయాలి, గుండు కూర్చునే గుంటను ప్రతి వారం తుడవాలి. నేను ఎక్కువసేపు కుర్చీలో కూర్చునేవాణ్ని, కోసేవి కాగితాలు, తాళ్లు, పెట్టెలు. నాకు ఒర సరిపోయింది.

క్లిప్పు గానీ ఒర గానీ లేకుండా నేరుగా జేబులో వేసుకునేవాళ్లు లాక్ చూసి కొనుక్కోవాలి. స్విస్ చాకుల్లోనూ, పిడి వెన్నున లాక్ ఉండే బ్యాక్ లాక్ చాకుల్లోనూ వెన్ను స్ప్రింగు మడిచిన బ్లేడును ఎప్పుడూ లోపలికే నొక్కుతుంది. ఫ్రాన్సు కంపెనీ ఓపినెల్ ఇప్పుడు చేసే చాకుల్లో లాక్ రింగు ఉన్నవాటిని మూసినప్పుడు కూడా ఆ రింగు తిప్పి బిగించొచ్చు. లైనర్ లాక్ చాకును మాత్రం విడిగా జేబులో వేసుకోవద్దు. నేను ఊడదీసిన క్లిప్పును కొట్టి సరిచేసి, దాని మూడు స్క్రూలతో సహా దాచాను. అటక మీద పని పడినప్పుడు తీసి బిగించుకుంటాను, పని అయ్యాక విప్పేస్తాను.