తిరుపతి హోటల్లో అతిథుల వై-ఫై: మైక్రోటిక్ హాట్‌స్పాట్‌ను కొన్నేళ్లు వాడాక

తిరుపతిలో మేం నడుపుతున్న హోటల్‌కు 4 అంతస్తులు, 60 గదులు ఉన్నాయి. అతిథుల ఇంటర్నెట్ బాధ్యత నాది. మైక్రోటిక్ రూటర్లోని హాట్‌స్పాట్ (లాగిన్ అయ్యాకే ఇంటర్నెట్ ఇచ్చే సదుపాయం), దానికి తోడు లాగిన్ ఓచర్ల లెక్క చూసే యూజర్ మేనేజర్, గది గోడకు బిగించే యాక్సెస్ పాయింట్లు (వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) మా ఏర్పాటులోని ముఖ్య భాగాలు. దీన్ని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను కాబట్టి, కొత్తగా హోటల్ కడుతున్నవారికీ, ఉన్న వై-ఫైని మార్చాలనుకుంటున్నవారికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఖర్చు చేయాల్సింది మొదట గది లోపలికి వేసే కేబుల్ మీద, తర్వాత లాగిన్ పద్ధతి మీద, ఆ తర్వాతే లైన్ వేగం మీద. చాలామంది యజమానులు ఈ వరుసను తలకిందులు చేసి, 500 ఎంబీపీఎస్ లైను తీసుకున్నా అతిథులు ఫిర్యాదు చేస్తున్నారేమిటని బాధపడతారు.

మన హోటల్ గదుల నమూనా దాదాపు అంతటా ఒకటే. తలుపు తీయగానే పక్కన బాత్రూమ్, అది దాటితే మంచం, చివర కిటికీ. కారిడార్ సీలింగుకు పెట్టిన యాక్సెస్ పాయింటు సిగ్నల్ మంచం దాకా రావాలంటే బాత్రూమ్ టైల్స్, అద్దం, నీళ్ల పైపులు, గీజరు అన్నీ దాటాలి. మా పాత ఏర్పాటు అలాంటిదే. అప్పటి కాంట్రాక్టర్ అన్నీ కారిడార్‌లోనే బిగించి, సిగ్నల్ చాలడం లేదని చెప్పినప్పుడల్లా పవర్ పెంచి వెళ్లేవాడు. పవర్ పెంచితే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి గాని పేజీ తెరుచుకోదు, ఎందుకంటే ఫోన్‌లోని చిన్న రేడియో ఇచ్చే జవాబు కూడా అన్ని గోడలూ దాటి వెనక్కి చేరాలి, దాని బలం మనం పెంచితే పెరిగేది కాదు. పైగా పక్క యాక్సెస్ పాయింట్ల మీద రొద ఎక్కువవుతుంది.

అందుకే యాక్సెస్ పాయింట్లను గదుల్లోకి మార్చాం. పక్కపక్క గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదే కాబట్టి రెండు గదులకు ఒకటి సరిపోయింది. తొమ్మిది అంగుళాల గోడలున్న మూల గదులకు మాత్రం విడివిడిగా పెట్టాం. టీవీ కింద బల్ల ఎత్తులో బిగిస్తే మంచానికి ఎదురుగా ఉంటుంది, అడ్డేమీ ఉండదు. ప్రతి అంతస్తులో ఒక పీఓఈ స్విచ్చి ఉంది, అక్కడి నుంచి ఒక్కో పాయింటుకు ఒక్కో క్యాట్-6 కేబుల్ వెళుతుంది, కరెంటూ డేటా రెండూ దానిలోనే. ఈ కేబుల్ కొనేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. మార్కెట్లో తక్కువ ధరకు దొరికే వాటిలో అల్యూమినియం తీగకు పైపైన రాగి పూత వేసినవి ఎక్కువ. పీఓఈ కరెంటు నడిచేటప్పుడు అవి వేడెక్కుతాయి, దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, యాక్సెస్ పాయింటు దానంతట అదే ఆగి మొదలవుతూ ఉంటుంది. బ్లేడుతో తీగను గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. అలాంటి చుట్టను అక్కడికక్కడే వెనక్కి పంపాలి. కేబుల్ పొడవు 100 మీటర్లు మించకూడదు, కరెంటు తీగలున్న పైపులో దీన్ని దూర్చకూడదు. మేం విడిగా కేసింగ్ వేయించాం. గోడ అందం కొంచెం తగ్గిందని మా యజమాని అన్నారు, అది నిజమే, అయినా ఇప్పుడు వేసినా అదే పని చేస్తాను.

రేడియో సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు తప్ప మరొకటి వాడకూడదు, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటకూడదు. పవర్ తగ్గించి, ఒకటి విడిచి ఒకదానిలో 2.4ను పూర్తిగా ఆపేశాం. 5 గిగాహెర్ట్జ్ మాత్రం అన్నిటిలోనూ నడుస్తుంది.

ఇక రూటరు సంగతి. మైక్రోటిక్ 1996లో లాత్వియా రాజధాని రీగాలో మొదలైన కంపెనీ. దాని రూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ రూటర్‌ఓఎస్‌లో హాట్‌స్పాట్, స్పీడ్ పరిమితులు, వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్కును విడివిడి భాగాలుగా చేసే పద్ధతి), రెండు లైన్ల పంపకం అన్నీ ఉంటాయి, నెలనెలా కట్టాల్సిన చందా ఏమీ ఉండదు. చిన్న, మధ్య తరహా హోటళ్లకు ఇంతకంటే లాభసాటి రూటరు నా దృష్టిలో లేదు. అయితే కొనేముందు లైసెన్సు లెవెల్ తప్పనిసరిగా చూడాలి. లెవెల్ 4లో హాట్‌స్పాట్ వాడకందారులు ఒకేసారి 200 మందికి మించకూడదు, లెవెల్ 5లో 500, లెవెల్ 6లో పరిమితి లేదు. మా 60 గదులూ నిండిన రోజు గదికి 4 ఫోన్లు లెక్క వేసుకున్నా 240 అవుతాయి, అంటే లెవెల్ 4తో వచ్చే హెక్స్ లాంటి చిన్న రూటరు అక్కడే ఆగిపోతుంది. ఇంకో మెలిక ఉంది. ఓచర్లను నిర్వహించే యూజర్ మేనేజర్‌కు పరిమితి వేరుగా ఉంటుంది. లెవెల్ 4లో ఒకేసారి 20 సెషన్లు, లెవెల్ 5లో 50 మాత్రమే. ఆర్‌బీ5009 లాంటి మంచి రూటరు కొన్నా అది లెవెల్ 5దే కాబట్టి, యూజర్ మేనేజర్‌ను నమ్ముకున్న 60 గదుల హోటల్‌కు చాలదు. మేం లెవెల్ 6తో వచ్చే సీసీఆర్2004 తీసుకోవడానికి కారణం వేగం కాదు, ఈ లెక్కే.

లాగిన్ దగ్గర చాలా ఆలోచించాం. మొబైల్ నంబరుకు ఓటీపీ పంపే పద్ధతి చూడ్డానికి సులువుగా ఉంటుంది. కానీ ఎస్‌ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థ పేరు, హెడరు (పంపినవారి పేరుగా కనిపించేది), సందేశం నమూనా అన్నీ నమోదు చేయించాలి. అంతా చేశాక కూడా విదేశీ నంబర్లకు సందేశం చేరుతుందన్న భరోసా లేదు. శ్రీవారి దర్శనానికి అమెరికా నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు మాకు ఎక్కువ. వాళ్ల దగ్గర ఇక్కడి సిమ్ ఉండదు, ఇంటర్నెట్ అందరికంటే అవసరమైందీ వాళ్లకే. కాబట్టి చెక్‌ఇన్ సమయంలో గది నంబరుతో ముడిపెట్టి ఓచర్ స్లిప్పు ఇచ్చే పద్ధతికే వచ్చాం. గుర్తింపు కార్డు ఎలాగూ రిజిస్టరులో నమోదవుతుంది, మళ్లీ ఫోన్ నంబరు అడగాల్సిన పని లేదు.

తిరుపతిలో చాలా హోటళ్లలాగే మాదీ 24 గంటల చెక్‌అవుట్. అర్ధరాత్రి రెండింటికి దిగేవారు ఉంటారు, తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీ చేసేవారు ఉంటారు. యూజర్ మేనేజర్ ప్రొఫైల్‌లో గడువు ఎప్పుడు మొదలవ్వాలో ఎంచుకోవచ్చు. కేటాయించిన క్షణం నుంచి లెక్కించవచ్చు, లేదా మొదటి లాగిన్ నుంచి లెక్కించవచ్చు. మేం రెండోది పెట్టాం. దానివల్ల స్లిప్పులను ముందే అచ్చు వేసి రిసెప్షన్‌లో ఉంచుకోవచ్చు, అతిథి వాడడం మొదలుపెట్టినప్పుడే గడియారం కదులుతుంది. ఒక స్లిప్పుతో ఎన్ని ఫోన్లు నడవాలో కూడా అక్కడే పెట్టవచ్చు, మంచాల సంఖ్యను బట్టి 3 నుంచి 6 వరకు ఇస్తాం.

నాకు అన్నిటికంటే నచ్చింది మ్యాక్ కుకీ. ఒకసారి లాగిన్ అయిన ఫోన్‌ను రూటరు గుర్తుపెట్టుకుంటుంది. సాయంత్రం కొండకు వెళ్లి, క్యూలో గంటలు గడిపి, దర్శనం చేసుకుని అర్ధరాత్రి దాటాక గదికి చేరినవారికి మళ్లీ పాస్‌వర్డు పేజీ ఎదురుకాదు, ఫోన్ దానంతట అదే కలుస్తుంది. ఒకసారి ఓ పెద్దావిడ రిసెప్షన్ దగ్గరకొచ్చి, “బాబూ, ఆ చీటీ ఎక్కడో పారేసుకున్నాను, మా అబ్బాయి డల్లాస్ నుంచి వీడియోలో చేస్తాడు, ఇప్పుడెలా?” అని అడిగారు. “చీటీ అక్కర్లేదమ్మా, మీ ఫోన్ ఇప్పటికే కలిసి ఉంది చూడండి” అని మా కుర్రవాడు అక్కడే చూపించాడు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చిరునామాకు (రూటరు ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్యకు) బదులు మారు చిరునామా చూపిస్తాయి, అది ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కోలా ఉంటుంది గాని మా అతిథి ఉండే ఒకటి రెండు రోజుల్లో సాధారణంగా మారదు, కాబట్టి ఈ సదుపాయానికి అడ్డు రాలేదు.

లాగిన్ పేజీ పైకి రాకపోవడం మాత్రం ఇప్పటికీ మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. ఫోన్లు కలవగానే గూగుల్, యాపిల్ తనిఖీ చిరునామాలను మామూలు హెచ్‌టీటీపీలో పలకరించి, జవాబు మారితే లాగిన్ పేజీ ఉందని తెలుసుకుంటాయి. వీపీఎన్ నడుస్తున్నా, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌కు (సైటు పేర్లకు చిరునామాలు వెతికే సెట్టింగుకు) ఏదైనా సర్వరు పేరు ఇచ్చి ఉన్నా ఈ తంతు సాగదు. అతిథి బ్రౌజరులో బ్యాంకు సైటు తెరిస్తే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది, మా హోటల్ ఏదో మోసం చేస్తోందని భయపడతారు. స్లిప్పు మీద లాగిన్ చిరునామాను పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, “ముందు వీపీఎన్ ఆపండి” అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషులలో చేర్చాక ఇలాంటి ఫిర్యాదులు బాగా తగ్గాయి. రాత్రి డ్యూటీ రిసెప్షనిస్టుకు ఈ రెండు విషయాలు నేర్పితే చాలు.

ఒక్కో ఫోనుకు రూటరు ఇచ్చే ఐపీ చిరునామాల సంఖ్య కూడా ముందే ఆలోచించుకోవాలి. మామూలుగా పెట్టే /24 అనే పరిధిలో 254 మాత్రమే ఉంటాయి. గంటగంటకూ గదులు మారే చోట వెళ్లిపోయినవారి చిరునామాలు లీజు (వాటిని కేటాయించిన గడువు) తీరేదాకా ఖాళీ కావు. /22 పెడితే 1022 వస్తాయి, లీజు సమయం గంటకు తగ్గిస్తే ఇక ఆ బాధ ఉండదు.

భద్రత విషయంలో నేను రాజీపడను. అతిథుల నెట్‌వర్కు ఒక వీల్యాన్, బిల్లింగు కంప్యూటర్లు ఇంకొకటి, సీసీటీవీ మరొకటి. యాక్సెస్ పాయింటులో క్లయింట్ ఐసొలేషన్ పెట్టినంత మాత్రాన సరిపోదు, అది ఆ ఒక్క పాయింటుకు కలిసిన ఫోన్లనే విడదీస్తుంది. స్విచ్చిలో కూడా పోర్టులను విడదీస్తేనే 204లోని ల్యాప్‌టాప్‌కు 310లోని ఫోన్ కనబడకుండా ఉంటుంది. దీనివల్ల ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ చేయడం పోతుంది, మేం ఆ సౌకర్యాన్ని వదులుకున్నాం. రూటరును అప్‌డేట్ చేస్తూ ఉండడం కూడా అంతే ముఖ్యం. 2018లో, రూటరు సెట్టింగులు మార్చడానికి వాడే విన్‌బాక్స్‌లోని ఒక లోపానికి ఏప్రిల్‌లోనే సవరణ వచ్చినా, అప్‌డేట్ చేయని మైక్రోటిక్ రూటర్లు ప్రపంచమంతటా పెద్ద సంఖ్యలో దుండగుల చేతికి చిక్కాయి. ఇంటర్నెట్ వైపు నుంచి విన్‌బాక్స్ అందకుండా ఫైర్‌వాల్‌లో మూసేయడం మొదటి రోజే చేయాల్సిన పని.

చట్టం సంగతి చాలా హోటళ్లు పట్టించుకోవు. భద్రత లేని వై-ఫై నుంచి 2008లో ఉగ్రవాదుల ఈమెయిళ్లు వెళ్లాక, టెలికాం శాఖ 2009 ఫిబ్రవరి 23న వై-ఫై వాడకందారుల గుర్తింపుపై ఆదేశాలిచ్చింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు లాగ్‌లను (వాడకం రికార్డులను) 180 రోజులు ఉంచమంటాయి, గడియారాలను అధికారిక సమయంతో సరిపెట్టమంటాయి. మేం ఏ ఓచరు, ఏ గది, ఏ లోపలి ఐపీ, ఏ సమయం అన్న వివరాలను విడిగా ఒక చిన్న సర్వరుకు పంపుతున్నాం. పోలీసులు ఎప్పుడైనా అడిగితే సమాధానం ఇవ్వగలగాలి, లేకుంటే ఆ లైను ఎవరి పేరున ఉందో వారే జవాబుదారీ. రూటరు గడియారం పది నిమిషాలు తప్పుగా ఉన్నా ఆ లాగ్ అక్కరకు రాదు. అయితే అతిథి ఏం చూస్తున్నాడన్నది మన పని కాదు, దాన్ని పోగు చేయకూడదు. లాగిన్ పేరుతో ఫోన్ నంబర్లు పోగుచేసి తర్వాత ప్రకటనలు పంపే హోటళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. దైవదర్శనానికి వచ్చినవారి నమ్మకాన్ని అలా వాడుకోవడం అన్యాయం.

లైన్ల విషయానికి వస్తే, రెండు వేర్వేరు కంపెనీల ఫైబరు లైన్లు తీసుకుని, ఏ కనెక్షన్ ఏ లైనులో వెళ్లాలో చిరునామాను బట్టి తేల్చే పీసీసీ పద్ధతిలో పంచాం. ఇక్కడ అతిథి లోపలి చిరునామాను మాత్రమే ఆధారంగా తీసుకోవాలి. గమ్యం చిరునామాను కూడా కలిపితే ఒకే ఫోన్ కనెక్షన్లు రెండు లైన్లకూ చీలిపోయి, బ్యాంకు సైట్లు మధ్యలో లాగౌట్ చేస్తాయి. ఫోనుకు 10 ఎంబీపీఎస్ పరిమితి పెట్టి, డేటాను వరుసలో పంపే క్యూను రూటర్‌ఓఎస్ 7లోని కేక్ అనే పద్ధతికి మార్చాక, ఎవరైనా పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నా పక్క గదిలో వీడియో కాల్ తెగడం లేదు. కరెంటు పోయి జనరేటరు అందుకునే వ్యవధిలో స్విచ్చిలు ఆగిపోతే హోటలంతా మళ్లీ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి ప్రతి అంతస్తు స్విచ్చికీ యూపీఎస్ తప్పనిసరి.

ఈ ఏర్పాటు అందరికీ సరిపోతుందని నేను చెప్పను. రూటర్‌ఓఎస్ నేర్చుకోవడానికి ఓపిక కావాలి, ఊళ్లో తెలిసినవాళ్లు దొరక్కపోతే దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. 15, 20 గదుల లాడ్జీలకైతే లాగిన్ పేజీ కూడా అవసరం లేదనుకుంటున్నాను. ఇప్పుడు చాలా యాక్సెస్ పాయింట్లలో గదికో పాస్‌వర్డు ఇచ్చే పీపీఎస్‌కే సదుపాయం ఉంది. దానిలో గాలిలో వెళ్లే డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, గది ఖాళీ కాగానే ఆ ఒక్క పాస్‌వర్డు మార్చుకుంటే సరి, ఎవరు ఏ గదివారో తెలిసిపోతుంది. పాస్‌వర్డు లేని తెరిచిన హాట్‌స్పాట్‌లో ఆ ఎన్‌క్రిప్షన్ ఉండదు. అందుకే మా పై అంతస్తు గదుల్లో దీన్ని ప్రయత్నిస్తున్నాం. ఓచర్లకు అలవాటు పడిన రిసెప్షన్ వాళ్లకు పాస్‌వర్డు మార్చడం గుర్తుండేలా, చెక్‌అవుట్ బిల్లుతో పాటే అది మారిపోయే ఏర్పాటు చేయగలిగితే మిగతా మూడు అంతస్తులకూ విస్తరిస్తాం.