ఆరేళ్లుగా వాడుతున్న ఉమ్మడి మైక్రోస్కోపీ ల్యాబ్: నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ మీద పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా మా ఇన్‌స్టిట్యూట్‌లోని ఉమ్మడి మైక్రోస్కోపీ, హిస్టాలజీ (కణజాలాన్ని పల్చగా కోసి, రంగు వేసి చూసే పని) ల్యాబ్‌నే వాడుతున్నాను. కాన్ఫోకల్ (లేజర్‌తో పనిచేసే మైక్రోస్కోప్), స్లైడ్ స్కానర్ (స్లైడ్ మొత్తాన్ని ఫొటో తీసే యంత్రం) లాంటివి ఒక్కో గైడు తన గ్రాంటుతో కొనుక్కోగలిగేవి కావు కదా. కొత్తగా చేరినవాళ్లు నన్ను మైక్రోస్కోప్ గురించే అడుగుతారు. నేను ముందు హిస్టాలజీ గది గురించి చెబుతాను.

మొదటి ఏడాది కీ-67 స్టెయినింగ్ (రంగు వేయడం) నాకు అసలు కుదరలేదు. విభజన దారిలో ఉన్న కణాల కేంద్రకాల్లో కనిపించే ప్రోటీన్ అది. కణితి ఎంత చురుగ్గా పెరుగుతోందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. నా సెక్షన్లలో, అంటే కణితి నుంచి కోసిన పల్చటి పొరల్లో, అంచుల్లో గోధుమరంగు చక్కగా వచ్చేది, మధ్యలో ఏమీ ఉండేది కాదు. ఆ ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ మార్చాను. యాంటీబాడీ అతుక్కునేలా సెక్షన్‌ను సిట్రేట్ బఫర్ అనే ద్రావణంలో మరిగించే సమయం మార్చాను. మూడు నెలలు అలాగే పోయాయి. చివరికి మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) దగ్గర కూర్చునే సీనియర్ టెక్నీషియన్ సార్ నా బ్లాక్ (కణజాలాన్ని మైనంలో పెట్టిన దిమ్మ) చేతిలోకి తీసుకుని, “అమ్మా, దీన్ని కోసి ఫార్మాలిన్‌లో వేశారా, గడ్డను గడ్డలాగే పడేశారా?” అని అడిగారు. ఆరా తీస్తే, శనివారం ఆపరేషన్‌లో తీసిన గడ్డ సోమవారం దాకా కోయకుండానే ఉండిపోయిందట. కణజాలం పాడవకుండా కాపాడే ఫార్మాలిన్ గంటకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునే లోపలికి దిగుతుంది. అది చేరేలోపే మధ్య భాగం పాడైపోయింది. ఇకపై ఆపరేషన్ అయిన రోజే 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి వేయమని ఆస్పత్రి వాళ్లను బతిమాలి ఒప్పించాం. యాంటీబాడీ అదే, మైక్రోస్కోప్ అదే. స్లైడ్ మాత్రం అంచు నుంచి మధ్య దాకా ఒకేలా వచ్చింది.

కాన్ఫోకల్ బాగుంటుంది. ఎర్రరక్తకణాలు, ఫార్మాలిన్ వల్ల కణజాలం ఆకుపచ్చ ఛానెల్‌లో తనంతట తానే వెలుగుతుందని, బలహీనమైన సిగ్నల్‌ను 640 నానోమీటర్ల ఎర్ర లేజర్‌కు పెట్టుకోమని అక్కడి మేడమ్ చెప్పకపోతే నా రెండో పేపర్ లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఆయిల్. ముందు స్లాట్ వాళ్లు స్లైడ్ మీద నూనె చుక్క వేసి చూసే 63ఎక్స్ ఆయిల్ లెన్స్ వాడి, స్లైడ్ తుడవకుండానే నూనె తగలకూడని డ్రై లెన్స్‌కి తిప్పేస్తారు. తర్వాత వచ్చినవాళ్లకు అంతా మసక. లాగ్‌బుక్‌లో ఒక్కరూ రాయరు. ఆ స్లైడ్ మీద ఉన్నది ఒక రోగి ఒంట్లోంచి తీసిన ముక్క, సెక్షన్లు అయిపోతే మళ్లీ దొరకదు. ఆ మాట గుర్తుంటే లెన్స్ తుడవకుండా ఎవరూ లేవరు.

స్కానర్ ఒకసారి విడిభాగం రాక రెండు నెలలు ఆగింది, ఆ టెన్షన్ మర్చిపోలేను. నడిచినప్పుడు మాత్రం గొప్ప మేలు. అంతకుముందు 500 కణాలు కంటితో లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు క్యూపాత్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్లైడ్ మొత్తం లెక్కపెడుతున్నాను, అది ఉచితం. ఒక్కో ఫైలు జీబీ దాటుతుంది, సర్వర్‌లో నెలకు మించి ఉంచరు, కాబట్టి సొంత హార్డ్‌డిస్క్ తెచ్చుకోండి.

కాన్ఫోకల్ స్లాట్ బుక్ చేసే ముందు మీ బ్లాక్ ఒకటి హిస్టాలజీ సార్‌కి చూపించండి. ఉదయం పదకొండు లోపు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.