జాగ్రత్త: డిడియస్ జూలియానస్ డెనారియస్ అని పోత నాణెం అంటగడుతున్నాడు

రోమన్ వెండి నాణేలు కొనేవాళ్లంతా ఇది చదవండి. "పాత కలెక్షన్‌లోవి" అంటూ వారం వారం లాట్లు పెడతాడే, అతనే. పేరు రాయను, మీకు తెలుసు. రోమన్ చక్రవర్తి డిడియస్ జూలియానస్ డెనారియస్ (వెండి నాణెం) అని అతను అమ్మినది కొన్నాను. డబ్బు పోయింది, ఒళ్లు మండిపోతోంది.

క్రీ.శ. 193 మార్చి 28న రోమన్ చక్రవర్తి పెర్టినాక్స్‌ను ప్రిటోరియన్ సైనికులు (చక్రవర్తి అంగరక్షక దళం) చంపి సింహాసనాన్ని వేలం వేస్తే, ఒక్కో సైనికుడికి 25,000 సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇస్తానని పాడుకున్నవాడు జూలియానస్. జూన్ మొదట్లోనే అతన్నీ చంపేశారు. రెండు నెలల పాలన, అందుకే నాణేలు అరుదు, ధర ఎక్కువ. వెనకవైపు సైనిక ధ్వజాలు పట్టుకున్న కాంకార్డియా దేవత, చుట్టూ 'కాంకార్డ్ మిలిట్' అన్న అక్షరాలు. ఎన్నో ఏళ్లుగా ఆశపడ్డ నాణెం.

రాగానే తూచాను. మూడు గ్రాములకు అటూ ఇటూ ఉండాలి, రెండుంపావు కూడా లేదు. భూతద్దంలో చూస్తే అక్షరాల పక్కన గాలిబుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు. అచ్చు కొట్టింది కాదు, పోత పోసింది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఆ కాలంలో చక్రవర్తులే వెండిలో కల్తీ చేశారండీ. ఆ మాత్రం చరిత్ర తెలియకుండా ఎందుకు కొన్నారు?" అని పెట్టేశాడు.

డబ్బు పోయినదానికన్నా ఈ మాటే నాకు ఎక్కువ మండింది. అవును, కల్తీ జరిగింది. పెర్టినాక్స్ వెండి పాలు పెంచితే జూలియానస్ మళ్లీ తగ్గించాడు. ఆ వెంటనే సెప్టిమియస్ సెవెరస్ దాదాపు సగానికి దించాడు. క్లాడియస్ గోథికస్ (268–270) నాటికి అయిదు శాతం కూడా మిగల్లేదు. కానీ ఆ నాసిరకం నాణేలు కూడా టంకశాలల్లో సుత్తితో అచ్చు కొట్టినవే. వెండి తగ్గినంత మాత్రాన బుడగలు రావు, అంచున అతుకు పడదు. జరిగిన చరిత్రను తెచ్చి తన మోసం మీద కప్పాడు.

అతని పాత లాట్లు వెతికితే ఇంకో "జూలియానస్" అమ్మిన ఫోటో దొరికింది. గడ్డం మీద అదే గాటు, అంచున అదే పగులు. ఒకే ముద్రతో రెండు నాణేలు కొట్టి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత తగిలిన దెబ్బ కూడా రెండింటికీ ఒకే చోట ఎలా పడుతుంది?

ఇప్పుడా ఫోటో తీసేశాడు, నా నంబరు బ్లాక్ చేశాడు. స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. ఆ రెండోది కొన్నవారెవరైనా ఇది చూస్తే దయచేసి మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం. మిగతావాళ్లు డబ్బు పంపేముందు బరువు, అంచు ఫోటో అడగండి. సాకులు చెబితే కొనకండి.