వీఎం డిస్క్ నిండింది: ఉన్నదాన్ని పెంచాలా, కాపీ తీయాలా, కొత్తది తగిలించాలా?

వీఎం అంటే వర్చువల్ మెషీన్, మన కంప్యూటర్ (హోస్ట్) లోపల నడిచే మరో కంప్యూటర్; దాని డిస్క్ హోస్ట్‌లో ఒక ఫైల్. వీఎంని నడిపే వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ సైజు 20 జీబీ నుంచి 60కి పెంచుతాం. వీఎం ఆన్ చేసి ఎంత చోటుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే మళ్లీ అదే 20 కనిపిస్తుంది. మనం పెంచింది బయటి డిస్క్‌ని. దాని లోపల పార్టిషన్ (డిస్క్‌లో గీసుకున్న భాగం) ఉంది, పార్టిషన్ లోపల ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉంది. ఆ రెండూ పాత సైజులోనే కూర్చున్నాయి. వాటిని ఎలా పెంచాలన్నదే అసలు ప్రశ్న. దారులు చాలానే ఉన్నాయి. నేను మాత్రం ప్రతిదాన్నీ ఒకే మాట అడుగుతాను: పని సగంలో ఆగిపోతే నా చేతిలో ఏం మిగులుతుంది?

ముందుగా లినక్స్ వీఎంలో ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి డిస్క్‌లో ఏది ఎక్కడుందో చూడాలి. రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండేది) చివర్లో ఉండి, దాని తర్వాత ఖాళీయే ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు. గ్రోపార్ట్ కమాండ్‌తో పార్టిషన్‌ని సాగదీసి, ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్‌_గ్రోఎఫ్ఎస్ నడిపితే చాలు. వీఎం నడుస్తుండగానే అయిపోతుంది. ఇందులో కదిలేది పార్టిషన్ చివరి గీత ఒక్కటే, డేటా ఉన్నచోటే ఉంటుంది. అందుకే ధైర్యంగా చేయవచ్చు. పార్టిషన్‌ల మీద సాగే వాల్యూమ్‌లు కట్టే ఎల్‌వీఎం ఉంటే గ్రోపార్ట్ తర్వాత పీవీరీసైజ్, ఆపైన మైనస్ ఆర్ ఆప్షన్‌తో ఎల్‌వీఎక్స్‌టెండ్. ఆ మైనస్ ఆర్ ఫైల్‌సిస్టమ్‌ని కూడా కలిపి పెంచేస్తుంది.

ఇదే పనిని పార్టిషన్‌లు గీసే ఎఫ్‌డిస్క్‌తో చేతితో చేయమనే సలహా ఇంకా కనిపిస్తుంది: పార్టిషన్ తీసేసి, అదే మొదలు సెక్టార్ (డిస్క్‌లోని చిన్న ముక్క) దగ్గర మళ్లీ పెద్దగా గీయమని. చేయవచ్చు, కానీ నాకు ఒకసారి చెయ్యి కాలింది. అది ఎప్పటిదో పాత వీఎం, దాని పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలైంది. కొత్త ఎఫ్‌డిస్క్ 2048 చూపిస్తే నేను అలవాటుగా ఎంటర్ నొక్కేశాను. రీబూట్ అయితే సిస్టమ్ లేవలేదు. అదృష్టం కొద్దీ ఆ ముందే ఎస్ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ టేబుల్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకున్నాను. దాన్ని తిరిగి ఎక్కించాక అన్నీ కనిపించాయి. అప్పటి నుంచి గ్రోపార్ట్ ఉన్నచోట ఎఫ్‌డిస్క్ జోలికి పోవడం లేదు.

చిక్కంతా రూట్ పక్కన ఇంకేదో అడ్డం ఉన్నప్పుడే. ఆ అడ్డు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) అయితే భయం లేదు, అందులో దాచుకోవాల్సిందేమీ ఉండదు. స్వాప్ ఆపి, ఆ పార్టిషన్ తీసేసి, రూట్ పెంచి, స్వాప్ ఫైల్ పెట్టుకోవచ్చు. బూట్‌లో ఏవి తగిలించాలో రాసుకునే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో పాత లైన్ తీయడం మరిచిపోతే మాత్రం ప్రతి బూట్‌కీ లేని స్వాప్ కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూస్తుంది. విండోస్‌లో సీ డ్రైవ్ పక్కన రికవరీ పార్టిషన్ కూర్చుంటుంది, అందుకే డ్రైవ్ పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఆప్షన్ బూడిదరంగులో, నొక్కనివ్వకుండా కనిపిస్తుంది.

అడ్డున్నది డేటా పార్టిషన్ అయితే అందరూ చెప్పేది జీపార్టెడ్ లైవ్ ఐఎస్ఓ, అంటే వీఎంని దాంతోనే బూట్ చేసి పార్టిషన్‌లు మార్చే టూల్. బొమ్మ చూస్తూ మౌస్‌తో లాగడం హాయిగానే ఉంటుంది, పెంచడం వరకు అది మంచి సాధనమే. కానీ పార్టిషన్‌ని పక్కకి జరపడం వేరే సంగతి. లోపలి డేటాని చదివి పక్కన రాసుకుంటూ పోతుంది. సగంలో హోస్ట్ ఆగిపోతే సగం డేటా కొత్త చోట, సగం పాత చోట ఉంటుంది. నా ప్రశ్నకి ఇది ఇచ్చే జవాబు నాకు నచ్చదు.

అలాంటప్పుడు నేను ఎంచుకునేది విర్ట్-రీసైజ్ అనే టూల్. ముందు క్యూఈఎంయూ-ఐఎంజీ కమాండ్‌తో పెద్ద సైజులో ఖాళీ డిస్క్ తయారుచేస్తాను. విర్ట్-రీసైజ్ పాతదాన్ని చదువుతూ, చెప్పిన పార్టిషన్‌ని పెంచి కొత్త డిస్క్‌లో రాస్తుంది. పాత ఫైల్‌ని ముట్టుకోదు. కరెంటు పోయిందా, కొత్త ఫైల్ డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇబ్బందులు లేకపోలేదు. వీఎం పూర్తిగా ఆపాలి, రెండు డిస్క్‌లకీ హోస్ట్‌లో చోటు కావాలి, టైమ్ పడుతుంది. నిద్ర చెడని పని కాబట్టి ఆ టైమ్ నాకు బరువు కాదు.

ఇవేవీ లేకుండా రెండో డిస్క్ తగిలించడం ఇంకా తేలిక. నిండిపోయింది డాకర్ ఇమేజ్‌లతోనో (యాప్‌ల ప్యాకేజీలు) డేటాబేస్‌తోనో అయితే రూట్‌ని పెంచడం ఎందుకు? ఆ సర్వీస్ ఆపి, ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో కొత్త డిస్క్‌కి కాపీ చేసి, పాతదాని పేరు మార్చి, కొత్తదాన్ని అక్కడ మౌంట్ చేయవచ్చు, అంటే అదే ఫోల్డర్‌గా కనిపించేలా తగిలించవచ్చు. అంతా సరిగ్గా నడుస్తోందని తేలాకే పాతది తీసేయండి. కొత్త డిస్క్‌ని ఎల్‌వీఎంలో పాతదానితో కలిపేయడం కూడా కుదురుతుంది, నేను చేయను. ఒకే వాల్యూమ్ రెండు డిస్క్‌ల మీద పరుచుకుంటే ఏ ఒక్కటి పాడైనా రెండూ పోయినట్టే.

స్నాప్‌షాట్‌లు (వీఎం ఒకప్పటి స్థితిని దాచుకున్నవి) ఉన్నాయేమో ముందే చూసుకోండి. స్నాప్‌షాట్‌లుంటే వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ డిస్క్ పెంచనివ్వదు. వర్చువల్‌బాక్స్‌లో బేస్ డిస్క్ పెంచినా, దాని మీద నడుస్తున్న స్నాప్‌షాట్ పాత సైజే చూపిస్తుంది. స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదు. అది అదే బేస్ ఫైల్ మీద ఆధారపడి ఉంటుంది. వీఎం ఆపి, డిస్క్ ఫైల్‌ని వేరే చోటికి కాపీ చేసిందే బ్యాకప్.

ఇక తగ్గించడం. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఆ ఆశ వదులుకుని కొత్త చిన్న డిస్క్‌కి ఫైల్స్ కాపీ చేయడమే. ఈఎక్స్‌టీ4 తగ్గుతుంది, కానీ అన్‌మౌంట్ చేశాకే. వరస కూడా తిరగబడుతుంది: ముందు ఫైల్‌సిస్టమ్, తర్వాత పార్టిషన్, చివర్లో డిస్క్. అసలు చాలామందికి కావాల్సింది వీఎంని తగ్గించడం కాదు, హోస్ట్‌లో ఉబ్బిన వీడీఐ ఫైల్‌ని (వర్చువల్‌బాక్స్ డిస్క్ ఫైల్) చిన్నది చేయడం. దానికి ఏ పార్టిషన్‌నీ కదపక్కర్లేదు. వీఎం లోపల ఖాళీ భాగాన్ని జీరోఫ్రీతో సున్నాలతో నింపి, వీఎం ఆపి, వర్చువల్‌బాక్స్ కమాండ్ వీబాక్స్‌మేనేజ్‌తో కాంపాక్ట్ చేస్తే సరిపోతుంది.