సమాధి రాజుల సైన్యానికి స్కెలిటన్ హోర్డ్: సిటడెల్ కాంట్రాస్ట్ రంగుపై సమీక్ష

బల్ల మీద ఆడే యుద్ధక్రీడల కోసం బొమ్మల సైన్యాన్ని కొనేవారు చాలామందే ఉన్నా, దానికి చివరి బొమ్మ దాకా రంగులు వేసేవారు తక్కువ. తొలి దళానికి ఉన్న ఓపిక మూడో దళానికి ఉండదు; మిగిలినవి బూడిదరంగు ప్లాస్టిక్‌గానే పెట్టెలో ఉండిపోతాయి. ఆ మూడో దళాన్ని దాటించగల రంగు ఏదైనా ఉందా అని చూసేవారికి, గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 2019లో తెచ్చిన సిటడెల్ కాంట్రాస్ట్ రంగులను, వాటిలోనూ ముఖ్యంగా స్కెలిటన్ హోర్డ్ అనే ఎముక రంగును నేను గట్టిగా సిఫారసు చేస్తాను. అయితే బరంపురం వంటి చోట, అంటే గోపాలపురం సముద్రపు గాలి ఏడాది పొడవునా తగిలే ఊళ్లో, ఈ రంగు బాగా కుదరాలంటే దాని కింద వేసే పూత మీద రంగు మీదకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

నేను దీనిని వాడింది అదే సంస్థ వారి వార్‌హామర్ అనే ఊహాలోకపు యుద్ధక్రీడలోని సమాధి రాజుల (టూంబ్ కింగ్స్) సైన్యానికి. వార్‌హామర్ మొదటి కూర్పు 1983లో వచ్చింది. ఆ ఆట నడిచే పాత ప్రపంచాన్ని 2015లో ముగించి, దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే కొత్త ఆటను ప్రవేశపెట్టిన సంస్థే, 2024 జనవరిలో ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరిట ఆ ప్రపంచానికి మళ్లీ ప్రాణం పోసింది. ఎడారి సమాధుల నుంచి లేచి వచ్చే ఈ అస్థిపంజరాల సైన్యం ఆ తొలి విడతలోనే తిరిగి వచ్చింది. సైనికులు 25 మిల్లీమీటర్ల చతురస్రపు పీఠాల మీద భుజం భుజం కలిపి వరుసల్లో నిలబడతారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద చూసే కంటికి ఒక్కొక్క ముఖం కనిపించదు, దళమంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. కాబట్టి ఒక్క బొమ్మను అద్భుతంగా తీర్చిదిద్దడం కన్నా అన్నింటినీ ఒకే తీరులో పూర్తి చేయడం ముఖ్యం.

మామూలు పద్ధతిలో ముందు ఒక ముదురు రంగు, దాని మీద పల్లాలను నల్లబరిచే వాష్, ఆ తరువాత మిట్టల మీద లేత రంగు అంచెలంచెలుగా వేయాలి. కాంట్రాస్ట్ ఈ మూడు పనులనూ ఒక్క పూతలో చేయడానికి ప్రయత్నిస్తుంది. పల్చని గాజులాంటి ఆ రంగు పల్లాల్లోకి జారి అక్కడ చిక్కగా నిలుస్తుంది, మిట్టల మీద పల్చబడి కింది పూతను కనిపించనిస్తుంది. అస్థిపంజరం దీనికి తగిన పరీక్ష. పక్కటెముకల మీద కుంచెను ఒక్కసారి నిండుగా లాగితే, ఎముకకూ ఎముకకూ మధ్య గాడి గోధుమరంగుకు తిరుగుతుంది, ఎముక వెన్ను మాత్రం పాత తాటాకు రంగులో తేలుతుంది. కనుగుంటల కోసం విడిగా ఏమీ చేయనక్కరలేదు. చేయవలసిందల్లా దవడ కింద, మోకాలి చిప్ప వెనుక బొట్టుగా నిలిచిన రంగును ఆరకముందే తడి కుంచెతో పీల్చేయడమే. సగం ఆరిన చోట మళ్లీ కుంచె పెడితే మరక పడుతుంది, దానిని దిద్దడానికి మొదటి పూత వేసినంత పని పడుతుంది. పల్చన చేయాలంటే నీళ్లు కాక, ఆ శ్రేణిలోనే దొరికే కాంట్రాస్ట్ మీడియం కలపాలి.

ఇక అసలు విషయం కింది పూత. లేత ఎముక ఛాయ గల రేత్‌బోన్ మీద వేయాలని సంస్థ సూచిస్తుంది, చాలామంది దానిని స్ప్రేగా వాడతారు. కానీ స్ప్రే డబ్బాలు మండే సరుకు గనుక విమానంలో రావు, రోడ్డు మార్గాన రావడానికి ఆలస్యమవుతుంది. వచ్చినా, ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మా తీరంలో గాలి నిండా తేమే; ఆ గాలిలో కొట్టిన స్ప్రే గరుకుగా, పొడిపొడిగా దిగుతుంది. ఆ గరుకు మీద కాంట్రాస్ట్ జారదు, పట్టుకుంటుంది. ఈ రంగుకున్న గుణమంతా అక్కడే పోతుంది. అందుచేత ఇక్కడివారికి కుంచెతో వేసే ప్రైమరే (రంగు పట్టేందుకు ముందుగా వేసే పూత) మేలు. వయేహో సంస్థ తెల్ల ప్రైమరును పల్చగా రెండు పూతలు వేసి, రాత్రంతా ఆరనిచ్చి, దాని మీద కుంచెతో వేసే రేత్‌బోన్ ఒక పల్చని పూత వేస్తే నున్నని నేల దొరుకుతుంది. పని పెరిగిన మాట నిజమే గాని, ఆ తరువాతి పని తగ్గేది దీనివల్లే.

ఈ రంగు అన్నిటికీ పనికిరాదు. డాళ్ల వంటి చదునైన తలాల మీద జారిపోవడానికి పల్లం ఉండదు కనుక అంచున చేరి మచ్చలు కడుతుంది. డాళ్లకు నేను మామూలు నీలిమణి రంగు వేసి, అంచులకు రెట్రిబ్యూటర్ ఆర్మర్ బంగారు రంగు పూశాను. సేనాపతికి, రాజుకు, ఎముకల డ్రాగన్‌కు పాత పద్ధతే న్యాయం చేస్తుంది. బల్ల మీద అందరి చూపూ వాటి మీదే పడుతుంది.

కొనుగోలు గురించి ఒక మాట. మా ఊళ్లో ఈ సరుకు అమ్మే దుకాణం నాకు కనబడలేదు, అంతర్జాలంలో తెప్పించుకున్నాను. ఒక అమ్మకందారు సీసాలకు టేపు చుట్టకుండా పంపడంతో సగం రంగు పెట్టెలోనే ఒలికిపోయింది. మూత చుట్టూ టేపు వేసి, నిలువుగా సర్ది పంపమని ముందే రాసి అడగండి. సీసాలో ఉండేది 18 మిల్లీలీటర్లు. పూత నిండుగా వేయాలి కనుక మామూలు రంగుకన్నా త్వరగా ఖర్చవుతుంది. పెద్ద సైన్యమైతే రెండు సీసాలు ఒకేసారి తీసుకోవడం మంచిది.

ఆరిన తరువాత వేళ్లు తగిలే చోట, ముఖ్యంగా ఈటె మొనల దగ్గర, కాంట్రాస్ట్ సులువుగా చెరిగిపోతుంది. వరుసలు కదిపే ఆటలో బొమ్మను పట్టుకోక తప్పదు. అందుకని కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) తప్పనిసరి, దానినీ తేమ తక్కువగా ఉన్న మధ్యాహ్నమే వేయాలి. పీఠాలకు గోపాలపురం ఇసుకనే ఫెవికాల్‌తో అంటించవచ్చు. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, సన్నని జల్లెడ పట్టిన ఇసుకైతే ఈ ఎడారి సైన్యం కాళ్ల కింద సరిగ్గా కుదురుతుంది.