పడవ వైరింగ్: తగరం పూత రాగి వైరా, మామూలు రాగి వైరా?

ఖర్చు: మామూలు వైరు చవక. తగరం పూత ఉన్నది ఖరీదు, అన్నిచోట్లా దొరకదు కూడా.

శ్రమ: రెండింటికీ ఒకటే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఉప్పు తేమ మామూలు వైరు చివర నుంచి ఇన్సులేషన్ లోపలికి పాకి రాగిని నల్లగా, ఆకుపచ్చగా మార్చేస్తుంది. నిరోధం పెరిగి జాయింటు వేడెక్కుతుంది. 12 వోల్టుల లైన్‌లో నావిగేషన్ లైట్లకు (రాత్రి ఇతర పడవలకు కనిపించేలా వెలిగేవి) చేరేలోపు వోల్టేజి 3 శాతం, అంటే 0.36 వోల్టుకు మించి పడిపోకూడదు. తుప్పు పట్టిన ఒక్క జాయింటే దాన్ని దాటించగలదు. పైకి వైరు బాగానే కనిపిస్తుంది, నడిసముద్రంలో లోపం వెతకడం పెద్ద టెన్షన్. తగరం పూత ఈ తుప్పును బాగా నెమ్మదిగా సాగేలా చేస్తుంది. పూర్తిగా ఆపదు కాబట్టి జాయింట్ల మీద జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయాల్సిందే.

ఏది ఎవరికి: మంచినీటి సరస్సులో తిరిగే పడవకు మామూలు రాగి చాలు. నెలల తరబడి సముద్రంలో ఉండేదానికి తగరం పూతే కొనండి. డబ్బు చాలకపోతే బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీటిని తోడేది), నావిగేషన్ లైట్లు, రేడియో లైన్లకైనా అదే వేయండి.